గంజి పెట్టిన గాలిసంచి

నేను ఒక గాలిసంచిని. విమానాల మైదానంలో పొడవాటి స్తంభమెక్కి, గాలి ఎటు వీస్తే అటు తోక చాపి చూపించే గుడ్డ గొట్టాన్ని. నాకు రెండు నోళ్లు. ముందుది పెద్దది, వెనకది చిన్నది. రెండు నోళ్లున్నా పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమాడలేదు. దొరలంతటి దొరలు నా తోక చూడనిదే నేల మీద కాలు మోపేవారు కారు. నమ్మరా? వినండి మరి.

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, ఎర్రగుట్ట కింది జొన్నచేలు చదును చేసి, పట్టాళపు కుర్రాళ్లకు విమానం నేర్పే మైదానం కట్టారు. కట్టారంటే ఏముంది, నాలుగు రేకుల కొట్టాలు, ఒక జెండా, బోలెడు గడ్డి, ఆ గడ్డిలో ఊరివాళ్ల గొర్రెలు. యుద్ధంలో విరిగిన విమానం రెక్క గుడ్డతో, డేరాలు కుట్టే దర్జీ ఒకాయన నన్ను కుట్టాడు. మూతికి ఇనుప కడియం తగిలించారు. అది గిరగిరా తిరిగేది. మీకు మెడ ఎలాగో నాకది అలాగ.

విమానం ఎప్పుడూ ఎదురుగాలికే దిగాలి. వెన్నుగాలికి దిగిందా, ఆంబోతును వెనకనుంచి తరిమినట్టే, ఆగదు. మా మైదానం తూర్పు కొసన రాళ్లు కొట్టిన లోతైన గుంత ఉండేది. అందుకే నా మాటకంత విలువ.

ఒకసారి తనిఖీకి పెద్దదొర వస్తున్నాడన్నారు. నేర్పే పీటర్సన్ దొర ఒకటే హడావిడి. "మైదానంలో ఒక్క గుడ్డ మురికిగా కనపడకూడదు, ఒక్కటీ వాలి ఉండకూడదు" అని గుమాస్తా చేత చాటింపు వేయించాడు. మైదానం బట్టలు ఉతికేది సాయవ్వ. మాటంటే మాటే ఆమెకు. తెరలు దించింది, జెండా దించింది, నన్నూ దించింది. బట్టలుడికించే ఉబ్బ కుండలో ఉడకేసి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది! అప్పడంలా తయారయ్యాను. ఆమె పెనిమిటి బుగ్గయ్య నన్ను స్తంభమెక్కించి, "గీ కడెం ఊగులాడుతాంది, ఊడి దొర నెత్తిమీద పడుతది" అని మోకుతో బిగించి కట్టాడు. మెడ పట్టేసింది. నా తోక పడమటికి బిగుసుకుపోయింది.

పెద్దదొర ఇంకా రాకముందే, తెల్లారి, విమానం నేర్చుకునే కుర్రాడు విఠల్ రావుకు పరీక్ష. ఒంటరిగా ఎగిరి దిగాలి. అప్పటికి రెండుసార్లు దిగబోయి చక్రాలు విరగ్గొట్టాడు. మూడోసారి విరిగితే ఇంటికే.

"అవ్వా, ఇయ్యాల గూడ గిట్లనే అయితె నా పెట్టె సదురుకునుడే" అన్నాడు, ఎక్కబోతూ.

"ఊకో బిడ్డా. నీ అంగీ గంజి ఇరగది, నువ్వూ ఇరగవు!"

లేచాడు. చుట్టు తిరిగాడు. నా తోక పడమర చూపిస్తోంది కనక గాలి తూర్పు నుంచి వస్తోందనుకుని, తూర్పు ముఖంగా దిగసాగాడు. గాలి మాత్రం పడమర నుంచి ఈడ్చి కొడుతోంది! అరుద్దామంటే రెండు నోళ్లూ గంజితో అతుక్కున్నాయి.

ఉబ్బ దగ్గరున్న సాయవ్వ తలెత్తింది. పొయ్యి పొగ తూర్పుకు పరిగెడుతోంది, నా తోక పడమటికి చాచి ఉంది.

"ఓర్నాయనో! నా గంజి పిలగాన్ని గుంతల పడేస్తది!" అంటూ పచ్చి వేపమండలు, తడి పిడకలు, చేతికందినదల్లా పొయ్యిలో కుక్కింది. చివరికి పీటర్సన్ దొర చెప్పులు కూడా. తెల్లటి పొగ మేఘంలా లేచి, విఠల్ రావు ముందు తూర్పుకు ఉరికింది. తనతో బాటే పొగా పోతోందంటే వెన్నుగాలేనని అతనికి వెలిగింది. గుంత అంచున లేపి, వెనక్కి తిప్పి, పడమటి ముఖంగా పువ్వు పెట్టినట్టు దింపాడు. దిగగానే నా వైపు తిరిగి ఫట్టుమని సెల్యూట్ కొట్టాడు.

పీటర్సన్ దొర వచ్చి, "ఈ గాలిసంచికి గంజి పెట్టిందెవరు?" అని మండిపడ్డాడు.

"నువ్వే గద దొరా, ఒక్క గుడ్డ వాలొద్దంటివి! గిది గుడ్డ గాదా?" అంది సాయవ్వ.

దొర నవ్వేశాడు. విఠల్ రావు నెగ్గాడు. అప్పటినుంచి మైదానంలో కొత్త కట్టడి: సాయవ్వ పొయ్యి రాజుకోనిదే ఏ కుర్రాడూ ఒంటరిగా ఎగరకూడదు.

తరవాత రెండో యుద్ధం ముంచుకొచ్చింది. పెద్ద విమానాలకు మా గడ్డి చాలదని వేరేచోట సిమెంటు మైదానం కట్టి వెళ్లిపోయారు. రేకులు విప్పుకుపోయారు, జొన్నలు తిరిగొచ్చాయి. నన్ను సాయవ్వ తీసుకుపోయి, వెనక నోరు కుట్టేసి, వెదురుగడకు కట్టింది. ఇప్పుడు మామిడికాయలు కోసే చిక్కాన్ని. ఒక నోరే మిగిలింది, అదీ ఎప్పుడూ పుల్లగా ఉంటుంది.

అబద్ధమాడనన్నది ఆ గంజి రోజునే పోయింది కనక, ఇంకొకటీ ఒప్పేసుకుంటాను. గంజి నిజం, పొగ నిజం, దొర చెప్పులు కూడా నిజం. సెల్యూట్ మాత్రం నాకు కాదు. సెల్యూట్ కొట్టేటప్పుడు నా వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. విఠల్ రావు విమానం దిగి, తిన్నగా ఉబ్బ దగ్గరికి నడిచి, మసిపట్టిన మొహంతో దగ్గుతున్న సాయవ్వ ముందు మడమలు జోడించి కొట్టాడు.

ఆమె చూసింది అతని అంగీని. "సూస్తివా, గంజి ఇరగలే" అంది.