నీళ్ళకి లోటు లేదు

"తన వంతు గుక్క కూడా మాకే పోసిందండీ. ఇలాంటి ఇల్లాలు ఎవరికి దొరుకుతుంది?" అని మా ఆయన ముందు గదిలో అంటున్నప్పుడు నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. దీవి నుంచి తిరిగొచ్చిన ఈ ఇరవై రోజుల్లో ఆ మాట వినడం పదోసారో పన్నెండోసారో. పక్కింటివాళ్ళకీ, ఫ్యాక్టరీలో ఆయన తోటి సూపర్‌వైజర్లకీ, వచ్చిన ప్రతివాళ్ళకీ అదే వరసలో చెబుతాడు. అత్తయ్యతో కలిసి సరదాగా లాంచీ మాట్లాడుకుని వెళ్ళడం, అది రాయికి కొట్టుకోవడం, దీవికి చేరడం, ఆ తర్వాత నేను. ఆ చోటికి రాగానే అందరూ వంటింటి వైపు ఓసారి మెచ్చుకోలుగా చూస్తారు. ఇవాళ వచ్చినామె మాత్రం చూడలేదు. ఆమె సరంగు భార్య. లాంచీ నడిపి, మా ముగ్గురినీ ఒక్కొక్కరినే ఈడ్చి ఒడ్డున పడేసి, పదో రోజున తెప్ప మీద వెళ్ళి తిరిగిరాని మనిషి భార్య.

"ఆయన్ని ఎవరూ ఆపలేదా అండీ?" అంది.

"వద్దని ఎంత మొత్తుకున్నానో మా అమ్మనడుగు. మొండివాడు. వినలేదు."

అత్తయ్య తలూపింది. నేను ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆ దీవిలో మొదటి రోజే మా ఆయన బల్లపరుపుగా ఉన్న రాయి మీద బొగ్గుతో డ్యూటీలు రాశాడు. నిఘా తనకి, చేపలూ తెప్పా సరంగుకి, కట్టెలు నాకు. అత్తయ్యకి పెద్దతనం కాబట్టి విశ్రాంతి. "మరి నీళ్ళు, వంట?" అన్నాను. "అవి రాయాలా ఏంటి, ఎలాగూ చేస్తావుగా" అన్నాడు. నిజమే, చేశాను. చేపలు తోమాను, కాల్చాను, అత్తయ్య కాళ్ళు ఒత్తాను. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని కూడా ఆయన ఓ పూట ఉప్పెక్కువైందన్నాడు. నీళ్ళైతే కొండ వెనక రాతి చీలికలో ఊరేవి. ఊరేవంటే ధార కాదు, చెమట. గుడ్డ దూర్చి, తడిసేదాకా కూర్చుని, ఫ్లాస్కు మూతలోకి పిండి, చిన్న క్యాన్‌లో పోయాలి. మొదట్లో రోజుకి పదహారు మూతలు వచ్చాయి. మనిషికి నాలుగు. అందుకు ఎన్ని గంటలు కూర్చుంటానో ఎవరూ చూడలేదు, చూడాలనుకోలేదు. క్యాన్ నిండి వస్తే చాలు వాళ్ళకి.

అయిదో రోజుకి పన్నెండే వచ్చాయి. నేను చెప్పలేదు. "నేనక్కడే తాగేశాను" అని ముగ్గురికీ నాలుగేసి మూతలు పోశాను. ఎవరూ నేర్పకుండానే నా నోటికి వచ్చే మాట అది. పెళ్ళయిన పదహారేళ్ళలో గిన్నె అడుగంటిన ప్రతిసారీ "నేను తిన్నాను" అన్నదాన్నే. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి భోజనాల మధ్యలో అన్నం అయిపోయిందని చెబితే, అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, "లోటు బయటపెట్టే ఆడది ఇంటిని బజారులో పెట్టినట్టే" అంది. ఆ తర్వాత ఎప్పుడూ బయటపెట్టలేదు. అది నా నేర్పనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో నాకు గర్వం కూడా ఉండేది, ఎవరికీ తెలియకుండా ఇల్లు నా చేతుల మీద నిలబడి ఉందని.

ఆరో రోజు మధ్యాహ్నానికి తెప్ప తయారైంది. లాంచీ పలకలు, రెండు ఖాళీ డ్రమ్ములు, తాళ్ళు. సరంగు మా ఆయన దగ్గరికొచ్చాడు. "సముద్రం పసిపిల్లలా పడుకుంది సార్. మూడు నాలుగు రోజుల్లో గాలి తిరుగుతుంది. రేపు పొద్దున్నే నేను బయల్దేరతాను. సాయంత్రానికి అవతలి ఒడ్డు పట్టుకుంటాను."

"తొందరేముంది? వెతుక్కుంటూ వాళ్ళే వస్తారు. నువ్వు పోతే మాకు చేపలు పట్టేదెవరు? నీళ్ళకి కూడా లోటు లేదు."

సరంగు నా వైపు తిరిగాడు. ఆయన రోజూ నన్నే అడిగేవాడు, ఆరోజూ అడిగాడు. "నీళ్ళెలా ఉన్నాయమ్మా? ఎన్నాళ్ళొస్తాయి?"

మా ఆయన నా వైపు చూడను కూడా లేదు. నేనేమంటానో ఆయనకి తెలుసు. నా నాలుక అప్పటికే అట్టకట్టుకుపోయి ఉంది. లేవు అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకి అన్నం లేదని చెప్పినంత సిగ్గేసింది నాకు. "సరిపోతాయి, నేను సర్దుతాను" అన్నాను.

సరంగు నా మాట నమ్మాడు. తెప్పని ఇసకలోకి లాగి పెట్టాడు.

తర్వాతి మూడు రోజులూ రాయిని నాకాను. పిండేసిన గుడ్డ నమిలాను. పన్నెండు మూతలు తొమ్మిదయ్యాయి, తర్వాత ఆరు. అత్తయ్య మూత కళ్ళ ముందు పెట్టుకుని, "ఇవాళ కాస్త వెలితిగా పోశావేమే" అంది. పదో రోజు పొద్దున చీలిక దగ్గరే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి సరంగు గుడ్డ పట్టుకుని నా చోట్లో కూర్చుని ఉన్నాడు. గంట దాటినా ఆయన చేతిలోని మూత సగం కూడా నిండలేదు.

"ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు.

అప్పటికి గాలి తిరిగింది. కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. సరంగు రెండు రోజులాగితే తగ్గవచ్చన్నాడు. మా ఆయన ఖాళీ క్యాన్ ఎత్తి ఊపి, "రెండు రోజులా? మా అమ్మ చచ్చిపోతుంది. నువ్వు ఇప్పుడే వెళ్ళు" అన్నాడు. వద్దని ఆయన మొత్తుకున్నది లేదు. సరంగు తెప్ప పలక మీద కత్తితో 'దీవిలో ముగ్గురు' అని చెక్కి, నీళ్ళలోకి తోసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే వాన పడింది. ఆయన వెళ్ళిన మూడో రోజు చేపల పడవవాళ్ళు ఆ పలక చూసి, తెప్ప కొట్టుకొచ్చిన దిక్కు పట్టుకుని మమ్మల్ని చేరుకున్నారు. తెప్ప మీద మనిషి లేడన్నారు.

టీ కప్పులు బల్ల మీద పెట్టాను. సరంగు భార్య ఈసారి నన్నే చూసింది.

"మా ఆయన మొండివాడు కాదమ్మా. చెప్పులు కొనుక్కోవాలన్నా నన్నడిగేవాడు. అలాంటివాడు అక్కడ ఎవర్నీ అడక్కుండానే పోయాడా?"

మా ఆయన తన కప్పు అందుకున్నాడు. నేను, "తాగమ్మా, చల్లారిపోతుంది" అన్నాను. ఆమె తాగలేదు. లేచి వెళ్ళిపోయింది.

నా చేతిలో ఉన్నది ఎంతో, ఎలా ఉందో, ఎన్నాళ్ళొస్తుందో పదహారేళ్ళలో నన్ను అడిగింది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషికే అబద్ధం చెప్పాను. ఇంట్లోవాళ్ళకి చెప్పిన అబద్ధాలన్నీ నా కడుపు మీదకే వచ్చాయి. ఇది ఇంకొకరి ప్రాణం మీదకి వచ్చింది. దీన్నే మా ఆయన త్యాగమని ఊరంతా పంచిపెడుతున్నాడు. నేను కాదనకపోతే, నన్ను ఎంత పొగిడితే సరంగు అంత మొండివాడవుతాడు.

"రేవు ఆఫీసుకి వెళ్ళి జరిగింది చెబుతాను" అన్నాను, ఆమె తాగని కప్పు తీస్తూ.

"పిచ్చా నీకు? ఎల్లుండి విచారణ ఫైలు మూసేస్తున్నారు. చచ్చినవాడికి మంచి పేరుతో పనేముంది? బతికినవాళ్ళం, మనం తలెత్తుకు తిరగాలి" అన్నాడు.

"ఇంటి గుట్టు" అని మొదలుపెట్టింది అత్తయ్య. నేను సింకు దగ్గరికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, చెప్పులేసుకుని బయటికొచ్చాను. రేవు ఆఫీసులో విచారణ చూస్తున్న అధికారి ఫైలు తెరిచి, నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఆయన మీ ముగ్గురి తరఫునా చెప్పి సంతకం చేశారుగా అమ్మా. మళ్ళీ మీరెందుకు?"

"నీళ్ళు పట్టింది ఆయన కాదండీ" అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "రాసుకోండి."