వదిన గొంతూ మూడు మైకులూ

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. అన్నయ్య దర్జీ. బడులు తెరిచే రోజులు కాబట్టి యూనిఫారాల కోసం తెల్లవారుతుండగానే టకటకా మొదలుపెట్టేవాడు. ఆ చప్పుడుకి తమ్ముడు లేచేవాడు. తమ్ముడు బడిలో సైన్సు మాస్టారు. అతను ముఖం కడుక్కుంటుండగా వంటింట్లోంచి వదిన గొంతు వినబడేది.

"టీ చల్లారిపోతోంది. ఇద్దరూ వస్తారా, నేనే తాగెయ్యనా?"

అన్నదమ్ములిద్దరూ ఒక్క క్షణం చెవి ఒగ్గేవాళ్ళు. ఆమె ఏమందో కాదు, ఎలా అందో వినడానికి.

ఎందుకంటే వదిన గొంతు ఆమెకంటే ఒక ఋతువు ముందు నడుస్తుంది. మాటలు ఇవాళ్టివే. గొంతు మాత్రం రెండు మూడు నెలల తర్వాతది. మండుటెండల్లో గొంతు బొంగురుపోయిందంటే వానల్లో జలుబు చేస్తుందన్నమాట. అన్నయ్య అప్పుడే వెళ్ళి మందు తెచ్చి అలమరలో పెట్టేవాడు. ఒక ఏడాది ఏ కష్టమూ లేని రోజుల్లో ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి అలిసినదానిలా వినబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళి వాళ్ళమ్మ దగ్గర ఉండిపోయింది. ఆ ముసలావిడ ఆఖరి రోజులన్నీ కూతురి చేతుల్లోనే గడిచాయి. ఇందులో నవ్వుకునేవీ ఉన్నాయి. మొగుడితో ఎంత పోట్లాడుతున్నా గొంతు మాత్రం చల్లగా ఉండేది. ఆ గొంతు ఉన్న కాలానికి ఆ గొడవ ఆమె మర్చిపోయి ఉంటుంది మరి.

ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఒకరికి మెల్లకన్ను ఉంటుంది, ఈమెకి ఇది ఉంది. అంతకుమించి దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఆమె కూడా ఆ బడిలోనే చిన్నపిల్లలకి చెబుతుంది. కథల టీచరంటే అందరికీ ఆమే. వాచకంలో ఎంత ఎండిపోయిన పాఠమైనా ఆమె నోట్లో పడితే చిగురు వేస్తుంది. అందుకే బడిలో రికార్డింగు గది పెట్టాలనుకున్నప్పుడు, పాఠాలు ఎవరు చదవాలన్న ప్రశ్నే రాలేదు. ఏ పరికరాలు కొనాలన్నదే ప్రశ్న. ఆ పని సైన్సు మాస్టారి నెత్తిన పడింది.

"కళ్ళు కనబడని పిల్లల హాస్టలుకి పాఠాలు పంపుతామని మాటిచ్చాను మాస్టారూ," అంది హెడ్మిస్ట్రెస్. ఆవిణ్ణి అందరూ పెద్ద మేడమ్ అంటారు. "ఆసుపత్రుల్లో నెలల తరబడి పడుకున్న పిల్లలకి కూడా. ఒకసారి కొన్నామంటే మళ్ళీ పదేళ్ళదాకా ఎవరూ డబ్బివ్వరు. చూసి కొనండి."

మాస్టారికి మైకంటే ప్రార్థన పూట కీచుమనేదేనని తెలుసు. కానీ పని పట్టాడంటే ఉడుంపట్టు. ముందు విరిగిన బల్లలున్న స్టోరు రూము ఖాళీ చేయించాడు. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. గది తిరిగి చప్పట్లు కొట్టింది. "ఇది నోరుమూసుకుంటేగానీ మైకుల మాట ఎత్తొద్దు," అన్నాడు. అన్నయ్య పాత బొంతలు కలిపి మందపాటి తెరలు కుట్టి ఇచ్చాడు. అవి గోడలకి వేలాడదీశాక చప్పట్లు దూదిలో పడ్డట్టు అక్కడికక్కడే ఆగిపోయాయి.

అప్పుడు సౌండు షాపాయన్ని పిలిచాడు. ఆయన మూడు మైకులు పట్టుకొచ్చాడు.

మొదటిది వెండిరంగుది, కింద నీలం లైటు వెలుగుతుంది, నేరుగా కంప్యూటరుకి తగిలించుకోవచ్చు. రెండోది స్టేజీల మీద కనబడే బండ మైకు. మూడోది నల్లగా, సన్నగా, వంకాయంత కూడా లేదు. దానికి పక్కనే ఓ చిన్న పెట్టె ఉండాలి, ఆ పెట్టె తీగలోంచి కరెంటు పంపితేగానీ అది పలకదు.

"మొదటిది తీసుకోండి సార్, కళ్ళు మూసుకుని," అన్నాడు షాపాయన. "ఎవరు మాట్లాడినా రేడియోలో మాట్లాడినట్టుంటుంది. రెండోది మొరటుది, పిల్లలు కింద పడేసినా దానికేం కాదు. ఇక ఈ నల్లది ఉందే, ఇది మొండిది సార్. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. మొహమాటం లేదు. బళ్ళకెందుకు చెప్పండి?"

"చూద్దాం," అన్నాడు మాస్టారు.

వదిన వచ్చి కూర్చుంది. మూడింటి ముందూ ఒకే పాఠం, మైకుకి నోటికి జానెడు దూరం. మబ్బులోంచి జారిన చినుకు ఆకు మీద పడి, ఏట్లో పడి, కుండలోకి చేరే పాఠం అది. గట్టిగా వినబడేదే మంచిదని చెవి మోసపోతుందని ఎక్కడో చదివి, మాస్టారు మూడింటి శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చాడు. ఏది ఏ మైకో చెప్పకుండా హెడ్‌ఫోన్లు పెద్ద మేడమ్‌కి ఇచ్చాడు.

మొదటిది విని ఆవిడ, "అబ్బ, తేనె!" అంది. రెండోది విని, "పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టుంది, కానీ మాట స్పష్టంగానే ఉంది," అంది. మూడోది వింటూ ఆవిడ గభాలున తల తిప్పి చూసింది, టీచరు వెనకే నిలబడి చెబుతోందేమోనని. అంతలోనే మొహం చిట్లించింది.

"ఇందులో ఏదో గరగర. తీసేయండి."

మాస్టారు విన్నాడు. నిజమే. గొంతు కింద, చాలా లోపల, సన్నని పీచులాంటి గరుకు. దీర్ఘాలు వచ్చినచోటల్లా తగులుతోంది. 'ఏరు' అన్నప్పుడు ఉంది, 'ఆకు' అన్నప్పుడూ ఉంది. షాపాయన మొహం చిన్నబోయింది. తీగ మార్చాడు. పోలేదు. ఫ్యాను కట్టేశారు, ఫోన్లన్నీ బయట పెట్టొచ్చారు. పోలేదు. సంచీలోంచి అదే రకం ఇంకో మైకు తీసి తగిలించాడు. అందులోనూ అదే.

"నేను మాట్లాడతాను," అని మాస్టారు కూర్చుని అదే పాఠం చదివాడు. గరగర లేదు. పెద్ద మేడమ్ చదివింది. లేదు. పరువు నిలబెట్టుకోవాలని షాపాయన ఏకంగా ఓ పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదుగానీ గరగర కూడా లేదు.

అందరూ వదినవైపు తిరిగారు.

"అయితే అది నాదే," అంది వదిన. తర్వాత నవ్వేసింది. "ఏ జలుబో వస్తుందిలే. దానికింత ఇదైపోతారేం?"

మాస్టారు నవ్వలేదు. వదిన జలుబు గొంతు అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ గొంతే. జలుబైతే గొంతంతా ముద్దగా అవుతుంది. ఇది అలా కాదు. ఒక్కచోటే, గీత గీసినట్టు.

"మొదటిదే కొనేద్దాం మాస్టారూ," అంది పెద్ద మేడమ్ గబగబా. "అందులో ఏమీ లేదుగా."

"అదీ మాట," అంది వదిన. "అందులో నా గొంతు ఎంత బాగుందో!"

"అందులో లేనంత మాత్రాన నీ గొంతులో లేకుండా పోదు కదా వదినా," అన్నాడు మాస్టారు.

వదినకి కోపం వచ్చింది. "చూడు అబ్బాయ్, నువ్వు మైకు కొనడానికి వచ్చావా, నాకు జాతకం చెప్పడానికి వచ్చావా?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ కోపం చెప్పిన గొంతు మాత్రం మెత్తగా, నీరసంగా, మంచం మీంచి వచ్చినట్టుగా ఉంది. గదిలో ఉన్న ముగ్గురూ విన్నారు.

సాయంత్రం మాస్టారు ఆ పెట్టె, నల్ల మైకు షాపాయన దగ్గర అడిగి ఇంటికి తెచ్చాడు. అన్నయ్య తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, బడిలో రికార్డు చేసిన పాఠం పెట్టాడు. అన్నయ్య మిషను తొక్కుతూనే వినడం మొదలుపెట్టాడు. కాసేపటికి కాలు ఆగింది. చొక్కా చెయ్యి సూది కిందే ఉండిపోయింది.

"రేపు మిషను ముట్టను, డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు.

"యూనిఫారాలో?" అంది వదిన గుమ్మంలోంచి.

"పిల్లలు ఇంకో నాలుగు రోజులు పాత చొక్కాలేసుకుంటారు."

"నాకేం కాలేదంటుంటే ఇద్దరూ కలిసి..."

"కాలేదనే కదా వెళ్దామంటున్నాను," అన్నాడు అన్నయ్య. "అయ్యాక వెళ్ళడానికైతే ఎవరైనా వెళ్తారు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె చూడలేదు. అందుకే మర్నాటికి చీర తీసి పెట్టుకుని పడుకుంది.

గొంతు డాక్టరు పెద్దాయన. లైటు పెట్టి చూశాడు. "శుభ్రంగా ఉందే," అన్నాడు. మాస్టారు విషయం చెప్పి, రికార్డు చేసింది వినిపించాడు. డాక్టరు కళ్ళు మూసుకుని విన్నాడు.

"మీ గొంతు ఎంత ముందుంటుందమ్మా?"

"ఒక ఋతువు, డాక్టరుగారూ."

"అయితే అప్పటి జబ్బు ఈపాటికి మొలక వేసి ఉండాలి," అని ఆయన పక్కగదిలోకి తీసుకెళ్ళి, సన్నని గొట్టానికి కెమెరా ఉన్న యంత్రంతో మళ్ళీ చూశాడు. చాలాసేపు చూశాడు. బయట బల్ల మీద అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

తలుపు తీసుకుని వచ్చి, లేచి నిలబడ్డ ఇద్దరికీ ఆయన చెప్పాడు. "ఉంది. నువ్వుగింజలో సగం. స్వరతంత్రి అంచున. చెడ్డది కాబోతోంది, ఇంకా కాలేదు. అందరిలాగా గొంతు బొంగురుపోయాక వస్తే మాటకి మూలమే తీసెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు గింజ తీసేస్తే చాలు."

అన్నయ్య గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. "ఏమండీ, పక్కనే బల్ల ఉంది," అంది లోపల్నుంచి వదిన.

గింజ తీసేశారు. పరీక్షకి పంపారు, డాక్టరు అన్నట్టే వచ్చింది. గాయం మానేదాకా ఒక్కమాట మాట్లాడకూడదన్నాడాయన, గుసగుస కూడా వద్దన్నాడు.

ఇల్లు చిత్రంగా అయిపోయింది. వదినకి మాట లేకపోతే ఏమైంది, చేతులున్నాయి. గరిటె ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే భోజనం, ఆపకుండా కొడితే ఎవరో తడికాళ్ళతో లోపలికొచ్చారని. కానీ అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే అలవాటుగా వంటింటివైపు చెవి పెట్టేవాళ్ళు. ఏమీ వినబడేది కాదు. రాబోయే రోజులెలా ఉంటాయో తెలియకుండా బతకడం అందరూ చేసేదే. వాళ్ళకే కొత్త.

ఆ రోజుల్లోనే మాస్టారు పెద్ద మేడమ్ గదికి వెళ్ళాడు.

"మేడమ్, పిల్లలు మాట్లాడేందుకు ఆ మొరటు మైకు కొందాం. రెండు కొందాం. పడేస్తారు, పడెయ్యనివ్వండి. పాఠాలు చదివేందుకు మాత్రం నల్లది, దాని పెట్టె, మంచి హెడ్‌ఫోన్లు. లైటు వెలిగేది వద్దు."

"నాకది తియ్యగా ఉందనిపించింది మాస్టారూ."

"అందరినీ ఒకేలా తియ్యగా చేస్తుంది. వినే పిల్లలకి మొహం కనబడదు మేడమ్. టీచరు నవ్వుతోందో, అలిసిపోయిందో, తమకోసం ఆగిందో వాళ్ళకి తెలిసేది గొంతులోనే. అది కూడా మనం పౌడరు రాసి పంపితే వాళ్ళకేం మిగుల్తుంది?"

"ఆ గరగర తీసేయండన్నది నేనే," అంది పెద్ద మేడమ్ మెల్లగా. "ఆ మొండిదే తెప్పించండి."

డాక్టరు మాట్లాడొచ్చని చెప్పిన రోజు వదిన ఇంట్లో నోరు విప్పలేదు. బడివైపు వేలు చూపించింది. మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటున్న వేళ, రికార్డింగు గదిలో నల్ల మైకు ముందు కూర్చుంది. అన్నయ్య మెడలో కొలత టేపుతో అలాగే వచ్చేశాడు. పెద్ద మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. మాస్టారు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. ఇప్పుడు వచ్చేది ఇవాళ్టి గొంతు కాదు. ముందున్న కాలం ఎలా ఉంటుందో అదే చెబుతుంది. ఏం చెప్పినా వినక తప్పదు.

వదిన పుస్తకం తెరిచి, ఊపిరి తీసుకుంది.

"అనగనగా ఒక మబ్బు..."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. 'ఆకు' దాటింది. 'ఏరు' దాటింది. గొంతు కింద వెతికాడు, ఇంకా లోపల వెతికాడు. ఏమీ లేదు. కడిగి ఆరబెట్టిన పలకలా ఉంది. చినుకు కుండలోకి చేరేసరికి అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోకుండానే హెడ్‌ఫోన్లు తీసి అన్నయ్య తలకి పెట్టాడు. అన్నయ్య విన్నాడు. పాఠం అయిపోయినా తియ్యలేదు.

"ఇంకోసారి చదువు," అన్నాడు.

వదిన రెండోసారి మొదలుపెట్టి, మధ్యలో తన గొంతు తానే విని ఆగిపోయింది. గరుకు లేకపోవడమే కాదు, ఆ గొంతులో ఏదో గంతులేస్తోంది. పట్టలేని సంతోషంలో ఉన్న మనిషి నవ్వు ఆపుకుంటూ మాట్లాడుతున్నట్టుంది.

"ఏమిటోయ్ మరిదీ," అంది ఆశ్చర్యంగా, "నేనింత హుషారుగా ఉన్నానేం? ఏం జరగబోతోంది?"

"నాకేం తెలుసు వదినా? వానాకాలం వెళ్ళనీ, చూద్దాం."

ఆమె అనుమానంగా మొగుడివైపు చూసింది. అన్నయ్య నాకూ తెలియదన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. పెద్ద మేడమ్ తలుపు దగ్గర పకపకా నవ్వేసింది. వదిన తల ఆడించి, పేజీ వెనక్కి తిప్పి, చినుకుని మళ్ళీ మబ్బులోకి ఎక్కించి, మొదట్నుంచి చదవడం మొదలుపెట్టింది.