ఆత్మారాం బావ దగ్గు

మంజీర నీళ్లు ఎనక్కి తన్ని, కోటగిరి దిక్కు చెరుకుతోటలు మునిగిన ఏడు. మా చెల్లె పెనిమిటి ఆత్మారాం బావ కాలం చేసింది గా ఏడే. మిలిట్రీల చేసొచ్చి, బోధన్‌ల ఒక చెరుకు ఫ్యాక్టరీల అకౌంటెంటుగ రిటైరైండు. పదో దినం నాడు ఆయన దోస్తు ముత్తన్న మైకు పట్టుకొని, "తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇంట్ల ఒక్కనాడు గొంతు లేపలె. అసుంటి సంసారి జిల్లాల లేడు" అన్నడు. అందరు తలలూపిండ్రు. నేను గూడ ఊపిన. నాకు మాటలు రావు, తల ఊపుడే వస్తది. నా చెల్లె గంగామణి గడప పక్కన తల దించుకొని కూసుంది.

పదో దినమైనంక పుట్టింటోళ్లు ఆమెను నిద్రకు తోలుకపోవాలె. ఒక్క రాత్రి ఉండి తెల్లారి మర్లిపోవాలె, ఆచారం. పొద్దుగూకక ముందే కోటగిరిల నా ఇంటికి తోలుకొచ్చిన. వచ్చుడుతోనే వసారల చాపేసుకొని ఒరిగింది. కన్నంటుకుంది. నేను పక్కన మంచంల కూసుండి ఊరికెనే దగ్గిన.

దిగ్గున లేచింది. కొంగు సదురుకుంట, "పెడుతున్న, పెడుతున్న" అని పొయ్యి దిక్కు నడిచింది. నడుమ ఆగి నన్ను సూసింది. నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుకుంటనే కూలబడ్డది.

"మీ బావ నోరు తెరిచి అడగడన్నా. ఒక్క దగ్గు దగ్గితే చాయ రావాలె. ఇంకోటి దగ్గితే ఉడుకునీళ్లు. ముత్తన్న చెప్పింది అబద్ధం గాదు, గొంతు లేపలె. చాయ సల్లగుంటే కప్పు పక్కకు జరిపి నా దిక్కు సూస్తుండె, గంతే. గా సూపుకంటే రెండు దెబ్బలు నయమనిపిస్తుండె. మంచోడే. మంచోని మీద ఎవలికి చెప్పుకోవాలె? 'నా కొడుకు దేవుడు, నువ్వు చేసుకున్న పున్నెం' అంటుండె మా అత్త. నిద్రల గూడ ఒక చెవ్వు ఆయన మంచం కాడనే పెట్టి పండుకున్న. ఆయన పోయిన నాడు ఏడ్చిన. ఏడ్సుకుంటనే, ఇగ తెల్లారిందాక పండుకోవచ్చు అనుకున్న. గట్ల అనుకున్నందుకు సిగ్గయిందన్నా."

"బావ గిట్ల చేసిండా?" అన్న.

నా పెండ్లాం సాయవ్వ చాయ గిలాస తెచ్చి నా ముందర పెట్టింది. "గదేం కొత్త? ఇప్పుడు చాయ నువ్వడిగినవా? దగ్గినవ్, తెచ్చిన" అన్నది.

వాళ్లిద్దరు ఒకల మొకం ఒకలు సూసుకొని నవ్విండ్రు. గిలాస నేను ముట్టలె. మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలె.

గప్పుడే మేనల్లుడు నరేందర్ ఫోను. "మామా, పొద్దుగాల్నే కారేసుకొని వస్త. అమ్మను తయారుగుండమను. అఖిల డ్యూటీకి పోవాలె, పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టేటోళ్లు లేరు." అఖిల వాని పెండ్లాం.

ఫోను పెట్టినంక చెల్లె మెల్లగ అడిగింది. "ఇంకో నాలుగు దినాలుంటే లోకం ఏమన్న అంటదా అన్నా?"

పెద్దోణ్ని, నేనే చెప్పాలె.

తెల్లారి, ఆడోళ్లు లేవకముందే మంచం ఎత్తుకపోయి గల్లీ మొగదల అడ్డమేసి కూసున్న. పాలకొచ్చినోళ్లు "తాతకు మతి తప్పింది" అని నవ్విండ్రు. కారొచ్చి ఆగింది. నరేందర్ తల బయటపెట్టి, "మంచం తియ్యి మామా. హారన్ కొట్టాల్నా?" అన్నడు.

"కొట్టకు. మీ అమ్మ పండుకుంది. మీ అత్త గూడ పండుకుంది" అన్న. "ఇంటికి పో. డబ్బాలు నువ్వు కట్టు."