అన్నయ్య అనుమతి

ఆ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఏ పని చేయొచ్చో తేల్చేది డాక్టర్ల కమిటీ. రెండేళ్లకోసారి అందరి అర్హతలూ మళ్లీ చూసి అనుమతి ఇస్తుంది. ఈసారి ఆ కమిటీకి పెద్దగా ఉన్నది ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరమ్మ. మనిషి మెతక, మాట మాత్రం కచ్చితం. అక్కడే పేరుమోసిన సర్జన్ ఆమెకి స్వయానా అన్నయ్య. తండ్రి పోయాక, తన పెళ్లి కూడా వాయిదా వేసుకుని ఆమెని చదివించింది ఆయనే.

ఈసారి అనుమతి కోసం వచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

ఆమధ్య ఒక కడుపు ఆపరేషన్‌లో ఆయన కత్తి పక్కకి జరిగి రక్తనాళం తెగింది. పక్క గదిలోంచి ఇంకో సర్జన్ పరుగున వచ్చి రక్తం ఆపాడు. రోగి బతికి బయటపడ్డాడు. ఎవరికైనా జరిగేదేలే అని అందరూ సర్దుకున్నారు. మత్తిస్తూ రోగి తల దగ్గర నిలబడ్డ ఆమె మాత్రం సర్దుకోలేకపోయింది. అన్నయ్య చూసి కోయలేదు, తడిమి కోశాడు. నర్సు పక్కనుంచి కత్తెర అందిస్తే ఆయన చెయ్యి గాలిలో వెతుక్కోవడం అంతకుముందూ చూసింది.

కమిటీ కూర్చునే ముందు అన్నయ్య ఇంటికెళ్లింది.

"కళ్లు చూపించుకున్నావా అన్నయ్యా?"

"నాకే వైద్యం చెప్పేదానివయ్యావా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "కమిటీకి పెద్దవి నువ్వేగా. ఈ ఒక్కసారికి కానివ్వు. ఆపైన నేనే మానేస్తా."

"ఈలోపు నీ చేతికిందికొచ్చే వాళ్లకి ఏం చెప్పమంటావు?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. వంటింట్లో వదిన గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ కాఫీ మాటెత్తలేదు.

కమిటీలో ఆయన పేరు రాగానే ఎముకల డాక్టరు గొంతు తగ్గించాడు. "మేడమ్, మీరు కాసేపు అలా బయట కూర్చోండి. మేం కానిచ్చేస్తాం. మీ మీదికి మాట రాదు."

అది తనకి చేస్తున్న ఉపకారమని ఆమెకి తెలుసు. లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఓటు వెయ్యను. ఈ విషయంలో పెద్దరికం మీరే తీసుకోండి. కానీ ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. చూసింది చెప్పి వెళ్తా."

చెప్పింది. ఏదీ దాచలేదు. బయటికొచ్చేసరికి వరండా బెంచీ మీద అన్నయ్య ఉన్నాడు, పిలుపు కోసం. ఆమె మొహం చూసి లేచాడు.

"చెప్పేశావా?"

"చెప్పాను."

ఆయన లోపలికి వెళ్లి గట్టిగానే వాదించాడు. కళ్ల పరీక్ష చేయించుకు రమ్మన్నారు. నీటికాసులని, అంటే గ్లకోమా అని తేలింది, చూపు అంచులనుంచి మూసుకొస్తోంది. ఆపరేషన్లు ఆపేసి, ఓపీలో రోగుల్ని చూడనిచ్చారు.

ఆ నిర్ణయం వచ్చిన రాత్రి వదిన ఫోన్ చేసింది. తిట్టడానికే అనుకుంది ఆమె.

"మీ అన్నయ్య కారుని రెండుసార్లు గేటుకి కొట్టారమ్మా. తాళాలు దాచేశా గానీ, నోరు విప్పలేకపోయాను," అని వదిన భోరుమంది.

అన్నయ్య మాట్లాడటం మానేశాడు. లిఫ్టులో ఎదురుపడితే గోడవైపు చూసేవాడు. ఆమె మాత్రం పలకరిస్తూనే ఉండేది. కమిటీలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు రాతిగుండె అన్నారు. రెండూ ఆమెకి ఎక్కలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, ఆపరేషన్ బల్ల మీద ఒక ముసలామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మత్తిచ్చే డాక్టరమ్మవి నువ్వేనా తల్లీ? ఓపీలో పెద్ద డాక్టరుగారు చెప్పారు. మా చెల్లెలే, నీ పక్కనే ఉంటుంది, ఏం భయపడకు అన్నారు."

ఆమె ఆ చెయ్యి వదల్లేదు. ముసలామె నుదురు నిమిరి, "పక్కనే ఉంటానమ్మా," అంది.