కొండలు పోసిన అవ్వ

ఆదోనిలో అబ్దుల్ గనీది పరుపులు కుట్టే అంగడి. ఆయన కూతురు ముస్రత్ ఆ అంగడి వెనక గదిలో కూర్చుని ట్యాబ్లెట్ మీద రాక్షసుల్నీ దేవతల్నీ గీస్తుంది. ఆ బొమ్మలు బెంగళూరులో ఆటకార్డులు అచ్చువేసే ఒక కంపెనీకి పోతాయి.

ఈసారి వచ్చిన పని ఐర్లండ్, స్కాట్లండ్ పాత కథల్లోని ఒక ముసలమ్మది. పేరు కాలియఖ్. చలికాలాన్ని తెచ్చేది ఆమేనట. నీలం మొహం, ఒకటే కన్ను. ఒడినిండా రాళ్ళు మోసుకుపోతుంటే అవి జారిపడిన చోటల్లా కొండలు లేచాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ముస్రత్‌కు కథ తెగ నచ్చింది. బొమ్మ మాత్రం రెండుసార్లు తిరిగొచ్చింది.

"ఆమె రాళ్ళు మోస్తున్నట్టు లేదు ముస్రత్ గారూ, దూది మోస్తున్నట్టుంది," అన్నాడు కంపెనీలో బొమ్మలు చూసే అనిల్, ఫోనులో.

పరుపులో దూది కూరుతున్న గనీ ఆ మాట విని పకపకా నవ్వాడు. ముస్రత్‌కు ఒళ్ళు మండింది.

మరునాడు హులిగమ్మ పాత పరుపు మళ్ళీ కుట్టించుకోవడానికి వచ్చింది. కన్నడ సరిహద్దు పక్కనున్న హొళగుంద ఊరి మనిషి. ముప్పై ఏళ్ళు క్వారీలో కంకర కొట్టింది. ఊరికే కూర్చోలేక వెనక గదిలోకి తొంగిచూసింది.

"ఎవురే ఈ ముసల్ది?"

ముస్రత్ కథంతా చెప్పింది. హులిగమ్మ బొమ్మను కిందికీ మీదికీ చూసింది.

"ఒడిలో అంత బరువుంటే నడుము ఎనక్కి వాలల్ల. మోకాళ్ళు మడవల్ల. ఈమేంది, పెండ్లికి పోతాండట్లుంది! నువ్వెప్పుడన్నా రాయి మోసినావా పాపా?"

"లేదవ్వా."

"అయితే రా, సూపిస్తా."

ఇద్దరూ ఊరి పక్కనున్న కొండకు పోయారు. హులిగమ్మ కొంగు బిగించి ఒడి కట్టి, రాళ్ళు ఏరి నింపుకుని నడిచింది. ముస్రత్ ఫొటోలు తీస్తూ వెంటపడింది. పది అడుగులు వేసిందో లేదో ముడి ఊడింది. రాళ్ళు దడదడా వాలులో దొర్లిపోయాయి. కింద మేస్తున్న మేకలు చెల్లాచెదురయ్యాయి. మేకలు కాసే ఓబన్న తిట్లందుకున్నాడు. హులిగమ్మ ఒక బండ మీద కూలబడి నోరంతా తెరిచి నవ్వింది.

"నా కొండ యాడ లేసిందో సూడు పాపా!"

ముస్రత్ ఆ నడకనూ ఆ నవ్వునూ గీసి పంపింది. అనిల్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఈమె భయపెట్టాలి కదండీ. నవ్వుతోందేమిటి?"

"ఇన్ని కొండలు పుట్టించిన మనిషి సార్. ఆమెకు కోపమెందుకుంటాది?"

అనిల్ బొమ్మను మళ్ళీ తెరిచి చూశాడు. "ఆ మోకాళ్ళలో బరువు తెలుస్తోంది. ఉండనీండి," అన్నాడు చివరికి.

రెండు నెలలకు కార్డులు అచ్చయి వచ్చాయి. ముస్రత్ ఒకటి తీసుకుని హొళగుంద బస్సెక్కింది. హులిగమ్మ కార్డును వెలుతురుకు పట్టి చూసింది.

"మొకం నీలం చేసినావే!"

"కథలో అట్లనే ఉందవ్వా."

"పోనీలే, కృష్ణసామి నీలంగా లేడా? ఒంటికన్నే బాగలేదు. ఈసారి రెండూ పెట్టు."

అంతలోనే వీధి ఆడవాళ్ళు మూగారు. హులిగమ్మ కన్నడంలో కొంత, తెలుగులో కొంత కథ చెప్పింది. ఆ ముసలమ్మ సముద్రం దాటి హొళగుంద దాకా నడిచొచ్చిందని కూడా కలిపేసింది. ఎవరూ కాదనలేదు.

"నన్నెప్పుడు గీస్తావమ్మా?" అని పక్కింటి అంజనమ్మ కొప్పు సవరించుకుంటూ గుమ్మంలో కూర్చుంది. ముస్రత్ సంచిలోంచి ట్యాబ్లెట్ తీసింది. మధ్యాహ్నం బస్సు ఆమె లేకుండానే ఆదోనికి పోయింది.