గలిజేరు పథ్యం

మా తాత సిద్దయ్యకు నా ఎలుకల మీద అసూయ. "వాటికి మందు, నాకు మాటలు" అనేవాడు. నేను బీదర్‌లో మందుల పరిశోధన చేస్తున్నాను. గలిజేరు వేరు సారాన్ని వెంట్రుక కన్నా వెయ్యి రెట్లు సన్నటి రేణువుల్లో నింపి, దెబ్బతిన్న కిడ్నీలకు నేరుగా చేర్చడం నా పని. ఎలుకల్లో బాగానే పనిచేస్తోంది. మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. వేర్లు మాత్రం మా ఊరు చిమ్కోడ్‌లో తాత చేను గట్ల మీదివే. అమ్మమ్మ అంబమ్మ వాటిని తవ్వి, కడిగి, నీడలో ఆరబెట్టి పంపుతుంది.

తాత కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి దుకాణంలో గోలీలు కొని మింగాడు. "అవి మానకపోతే డయాలసిస్సే" అని డాక్టర్ తేల్చి చెప్పాడు. తాత బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి మళ్లీ మింగాడు. నేను అరిచాను, ఏడ్చాను. గోలీలు దాచేస్తే మరో దుకాణం వెతుక్కున్నాడు. మొండిఘటం.

నెల తర్వాత ఫోన్ చేశాడు.

"శివానీ, నీ ఎలుకల మందు నేను సుత తాగుతున్న. మీ అమ్మమ్మ రోజూ కషాయం కాస్తుంది."

నా ఒళ్లు మండిపోయింది. పాడైన కిడ్నీలకు కొలతా పాడూ లేని కషాయమా! మర్నాడే దవాఖానకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. కిడ్నీల దెబ్బను చూపే క్రియాటినిన్ రెండున్నర నుంచి ఒకటిన్నరకు దిగింది. నమ్మలేక కాగితం మళ్లీ చూశాను.

తాత మీసం మెలేశాడు. "చూసినవా? గలిజేరంటే మజాకా!"

"మరి గోలీలు?"

"తోబ! గలిజేరు తాగేటోడు గోలీ ముట్టొద్దు. పథ్యం చెడితే మందు విషమైతది. నాకు తెల్వదా?"

డాక్టర్ మాటకు వంగని మనిషి పథ్యానికి వంగాడు. గోలీలు మానాడు కాబట్టే కిడ్నీలు కోలుకుంటున్నాయని నాకు అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు. చిమ్కోడ్ చేరగానే వంటింట్లో అమ్మమ్మను నిలదీశాను.

"తాతకు వేరు కాచి పోయడానికి నీకెంత ధైర్యం?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా, ముసలాయనకు వినబడ్తది," అంటూ పొయ్యి మీది గిన్నె మూత తీసింది. వాసన చూశాను. జీలకర్ర నీళ్లు!

"మనుషులకు ఇప్పుడే ఇయ్యొద్దని నువ్వే చెప్తివి గద. ఎట్ల పోస్త? అసలు వేర్లు ఏడున్నయ్? అన్నీ నీ ఎలుకలకే పంపిస్తి. పథ్యమంటేనన్న గోలీలు మానుతడని గిట్ల చేస్తి."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మందును చేరాల్సిన చోటికి చేర్చడానికి నేను నాలుగేళ్లుగా తంటాలు పడుతున్నాను. అమ్మమ్మ మందే లేకుండా ఆ పని చేసేసింది.

బయటి నుంచి తాత కేకేశాడు. "ఏమే, నా కషాయం ఏది?"

లోటాలో నేనే పోసి తీసుకెళ్లాను.

"ఒక్క చుక్క కూడా మిగల్చొద్దు తాతా," అన్నాను. "పథ్యం జాగ్రత్త."