పారే నీటిలో గోనెలు

ఏటి ఒడ్డున లాండ్రీ నడిపే ఆ ఇంట్లో అందరి చేతులూ ఆడుతూనే ఉన్నాయి, పనికి కాదు, ఈగలు తోలుకోవడానికి. ఆవగింజంత నల్ల ఈగలు. కుట్టినచోట నెత్తురు చిమ్మి, బొబ్బలా పొంగుతోంది. ఉయ్యాలలో పసిదాని కన్ను వాచి మూసుకుపోయింది, ఒళ్లు కాలిపోతోంది. నాయనమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"పిల్లని తీసుకుని మా అమ్మావాళ్లింటికి వెళ్లిపోతానత్తయ్యా. ఇక్కడ ఉంచలేను," అంది కోడలు, బట్టలు సర్దుకుంటూ.

"వెళ్లాల్సింది నువ్వు కాదమ్మా, ఆ ఎదురింటి మహాతల్లి! ఇదంతా ఆవిడ మురుగు గుంట పుణ్యమే!"

అత్తగారు ఒంటికాలి మీద లేచి వీధిలోకి వెళ్లింది. ఎదురింటావిడ ఊరుకునే రకమా? ఇద్దరూ వీధి ఏకం చేశారు. అటుగా వచ్చిన ఆరోగ్యశాఖ ఉద్యోగిని గుంటలోకి చూసి, ఇంట్లోకొచ్చి పాప కన్నూ చూసింది.

"ముందు పాపని ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుంటలో దోమలున్నాయి, దాన్నీ పూడ్చాల్సిందే. కానీ పాపని కుట్టింది దోమ కాదు, నల్ల ఈగ. అది పారే నీటిలో పుడుతుంది. ఏట్లో ఏమైనా కట్టారా?"

"మా ఏరా? అద్దంలా ఉంటుంది!" అంది అత్తగారు.

కట్టింది నిజానికి ఆవిడే. ఉతికే దుప్పట్లు వడికి కొట్టుకుపోకుండా ఏటికి అడ్డంగా తాళ్లు కట్టి, పాత గోనెలు వేలాడదీసింది. ఆ ఉపాయాన్ని అందరూ మెచ్చుకున్నారు, ఏటికి ఎగువనున్న లాండ్రీలవాళ్లూ అలాగే కట్టుకున్నారు. చిరిగినవాటిని ఎవరూ తీయలేదు, వాటిమీదే కొత్తవి కట్టుకుంటూ పోయారు.

ఉద్యోగిని వాళ్లతో ఏటికి వెళ్లి ఒక గోనె ఎత్తి తిరగేసింది. దాని నిండా నల్లటి పురుగులు, సందు లేకుండా, కదులుతున్నాయి. ఎదురింటావిడా వంగి చూసింది. ఆవిడ ముందు అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

"అన్నీ లాగి ఎండలో పడేయండి, పురుగులు చచ్చిపోతాయి. కానీ ఏటికి పైనున్న లాండ్రీలవాళ్లూ తీయాలి. లేకపోతే అక్కడ పుట్టి ఇక్కడికి ఎగిరొస్తాయి."

కోడలు పాపతో ఆసుపత్రికి వెళ్లింది, అక్కడి నుంచి అటే పుట్టింటికి. అత్తగారు ఆపలేదు. నడుము విరిగేలా గోనెలన్నీ లాగి, తడిచీరతోనే ఎదురింటి తలుపు తట్టింది.

"వదినా, నోరు జారాను. పైవాళ్ల దగ్గరికి నాతో వస్తావా?"

"నడువు. వచ్చాక నా గుంట కూడా పూడ్చేద్దాం."

వీళ్లు గొడవకొచ్చారనుకుని పై లాండ్రీవాళ్లు గుమ్మంలోనే చేతులు నడుముకు పెట్టుకున్నారు. మనమూ అంతే కదా, ముందు ఎదుటివాళ్ల తప్పే వెతుకుతాం.

"తప్పు పట్టడానికి రాలేదమ్మా," అంది అత్తగారు. "నా పసిదాన్ని కుట్టిన ఈగలు నా గోనెల మీదే పుట్టాయి. మీవీ తీసేయండి. ఏరు మనందరిదైతే, దాన్ని శుభ్రంగా ఉంచే పని కూడా మనందరిదే."